వంటింటి గడప దాటకముందే

(విశాఖపట్నంలో అపార్ట్‌మెంట్, గేటెడ్ కమ్యూనిటీ సంఘాల ప్రతినిధుల సమావేశంలో ఒక గృహసముదాయ నిర్వాహకుడు చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న పెద్దలకు, సంఘాల అధ్యక్ష కార్యదర్శులకు, వెనుక వరుసల్లో కూర్చున్న హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్లకు నమస్కారం. మధురవాడ వైపు ఒక గృహసముదాయానికి ఎస్టేట్ మేనేజరుగా నేను చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. లిఫ్టులు, జనరేటర్లు, నీళ్ల ట్యాంకర్లు, మెయింటెనెన్స్ బకాయిలు, వీటన్నిటితోపాటు చెత్త కూడా నా బాధ్యతే. మిగిలిన వాటి గురించి సమావేశాల్లో గంటల తరబడి మాట్లాడుకునే మనం, చెత్త విషయానికి వచ్చేసరికి "బండి వచ్చిందా, తీసుకెళ్లిందా" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటాము. బండి రావడానికి ముందు జరిగే పన్నెండు గంటల సంగతి మాట్లాడాలనే ఈ రోజు మీ ముందుకు వచ్చాను.

కొంతకాలం కిందట ఒక సోమవారం ఉదయం మా వెనుక గేటు దగ్గర టార్పాలిన్ పరిచి, ఒకే ఇంటి నుంచి వచ్చిన ఒక నల్ల కవరును విప్పించాను. అది ఎవరి ఇంటిదో తెలుసుకోవద్దని మా వాళ్లకు ముందే చెప్పాను. పైన చింతపండు పిప్పి, సాంబారులో నానిన ఇడ్లీ ముక్కలు, కరివేపాకు రెబ్బలు ఉన్నాయి. వాటి కింద తడిసి ముద్దయిన రెండు రోజుల దినపత్రికలు, నాలుగు పాల ప్యాకెట్లు, సగం మిగిలిన దగ్గు మందు సీసా, టీవీ రిమోట్‌లో వాడిన రెండు బ్యాటరీలు, కాగితంలో చుట్టకుండా వేసిన ఒక డైపరు ఉన్నాయి. ఆ పత్రికలను చేత్తో ఎత్తి చూసిన మా పారిశుద్ధ్య కార్మికురాలు, వయసులో నాకంటే పెద్దామె, "బాబూ, ఇది ఎండగా ఉంటే మేమే కట్టగట్టి అమ్ముకుందుము గదా" అన్నది. ముందు రోజు సాయంత్రం వరకూ ఆ ఇంట్లో ఆ పత్రికలు పాత పేపర్ల ధరకు పోయే సరుకు, ఆ ఇడ్లీ ముక్కలు మొక్కలకు ఎరువు, ఆ ప్యాకెట్లు ప్లాస్టిక్ కొనేవాళ్లు తూకం వేసి తీసుకునే వస్తువులు. ఒక్క కవరులో పడి రాత్రంతా కలిసి ఉన్న తరువాత వాటిలో దేనికీ దారి మిగలలేదు. డైపరు తగిలిన కాగితాన్ని ఎవరి చేతనైనా ఏరించడం న్యాయం కాదని నాకు అక్కడే అర్థమైంది.

మన బాధ్యత ఎంతటిదో మొదట ఒక చిన్న లెక్కతో చూద్దాం. మన దేశపు పట్టణాల్లో తలకు రోజుకు సుమారు 200 నుంచి 600 గ్రాముల చెత్త వస్తుందని పట్టణాభివృద్ధి నిపుణులు అంచనా వేస్తారు. మధ్యస్థంగా 400 గ్రాములు, ఇంటికి నలుగురు అనుకుంటే, ఇంటికి రోజుకు 1.6 కిలోలు అవుతుంది. అంటే 63 ఇళ్లున్న మామూలు అపార్ట్‌మెంట్ కూడా రోజుకు 100 కిలోలు దాటుతుంది. ఆ 100 కిలోల గీతకు ఒక అర్థం ఉంది. ఘన వ్యర్థాల మీద పర్యావరణ కార్యకర్త ఆల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితంగా 2000లో మొదటి నియమాలు వచ్చాయి. వాటి స్థానంలో 2016లో వచ్చిన నియమాలు రోజుకు సగటున 100 కిలోలు దాటే వారిని భారీ వ్యర్థ ఉత్పత్తిదారులుగా గుర్తించాయి. 5,000 చదరపు మీటర్లకు మించిన గేటెడ్ కమ్యూనిటీలు చెత్తను పుట్టిన చోటే వేరు చేయాలని, తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే కంపోస్టుగానో బయోగ్యాస్‌గానో మార్చుకోవాలని, చెత్తను వీధుల్లో, బహిరంగ స్థలాల్లో కాల్చడం గానీ పూడ్చడం గానీ చేయరాదని కూడా ఆ నియమాలే చెప్పాయి. కనుక ఇది కార్పొరేషన్ పని, మనకెందుకు అని మన సంఘాలు అనుకోవడానికి 2016 నాటికే చోటు లేకుండా పోయింది.

ఇక్కడ ఒక ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. మన నగరం చెత్త చేరే కాపులుప్పాడలో, చెత్తను కాల్చి విద్యుత్తు తయారు చేసే 15 మెగావాట్ల కర్మాగారం 2022 నుంచి ఉన్నప్పుడు, ఎలాగూ కాలిపోయేదాన్ని మనం ఎందుకు ఏరాలి అని. ప్రశ్న సహేతుకమైనదే. జవాబు మన వంటింట్లోనే ఉంది. పుచ్చకాయ చెక్కు, అరటి తొక్క, మిగిలిన అన్నం, కూరగాయల తుక్కు, వీటి బరువులో మూడింట రెండు వంతులకు పైగా నీరే. మరిగే నీటిని ఆవిరిగా మార్చడానికే కిలోకు సుమారు 540 కిలోకేలరీల వేడి కావాలి. పది కిలోల తొక్కల్లో ఏడు కిలోల నీరు ఉంటే, ఆ నీటిని పోగొట్టడానికే దాదాపు 3,800 కిలోకేలరీలు ఖర్చవుతాయి. ఆ వేడి పక్కనున్న పొడి చెత్త నుంచే రావాలి. తడి కట్టెను పొయ్యిలో పెట్టి ఊదిన వారికెవరికైనా ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. కాల్చే కర్మాగారం బాగా నడవాలన్నా, దానికి చేరేది పొడిగా ఉండాలి. ఇక తడి చెత్త కుప్పల్లో గాలి అందక కుళ్లినప్పుడు వెలువడే మీథేన్, వందేళ్ల లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. కొండలకూ సముద్రానికీ నడుమ ఇరుకైన నేల మీద పెరుగుతున్న మన నగరానికి కొత్త డంపింగ్ యార్డుల కోసం చోటు వెతుక్కోవడం అంత తేలిక కాదు. ఒకప్పుడు ఊరికి దూరమనుకున్న కాపులుప్పాడ చుట్టూ ఈ రోజు ఇళ్లు ఎలా వచ్చాయో భీమిలి వైపు వెళ్లే వారందరూ చూస్తూనే ఉన్నారు.

ఏ మార్పు మొదలుపెట్టినా ముందుగా తూకం వేయండని నేను ప్రతి సంఘానికీ చెబుతాను. ఒక వేలాడే కాటా కొనండి. వారం రోజులపాటు ప్రతి ఉదయం, ప్రతి బ్లాకు నుంచి వచ్చిన తడి, పొడి, కలగలిసినది ఎంతో ఒక పుస్తకంలో రాయించండి. మేము తూకం వేయకముందు మా సమస్య ప్లాస్టిక్ అని అందరమూ నమ్మాము. ప్లాస్టిక్ కంటికి పెద్దగా కనబడుతుంది, గాలికి ఎగురుతుంది, ఫొటోలో పడుతుంది. కాటా మీద మాత్రం వంటింటి తడి చెత్త, తోట నుంచి ఊడ్చిన ఆకులు, ఈ రెండే మిగిలిన వాటిని మించిపోయాయి. ఆ పుస్తకం లేకపోయి ఉంటే మా డబ్బంతా ప్లాస్టిక్ డబ్బాలకే పోసేవాళ్లం.

రెండో పాఠం మాకు చాలా సిగ్గుగా మిగిలింది. నివాసులకు తడి, పొడి, హానికర చెత్తలకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు ఇచ్చి, ఇంటింటికీ కరపత్రాలు పంచి, రెండు నెలల తరువాత కూడా సగానికి సగం కలిసిపోయిన చెత్తే వస్తుంటే, నివాసులకు క్రమశిక్షణ లేదని నేను కమిటీ సమావేశంలో గట్టిగా మాట్లాడాను. అప్పుడు నాలుగో అంతస్తులో ఉండే ఒక రిటైర్డ్ టీచరుగారు లేచి, తాను రోజూ వేరు చేసి ఇచ్చే రెండు బుట్టలనూ మా హౌస్‌కీపింగ్ వాళ్లు లిఫ్టు దగ్గర ఒకే ట్రాలీలో బోర్లిస్తున్నారని, తాను కళ్లారా చూస్తున్నానని చెప్పారు. ఆమె చెప్పింది నిజమే. ఏజెన్సీతో మేము రాసుకున్న ఒప్పందంలో "చెత్త తొలగించాలి" అని మాత్రమే ఉంది, వేరుగా తొలగించాలని లేదు. మనిషికి ఒకే ట్రాలీ, ఒకే అరగంట ఇచ్చి, రెండు పనులు ఆశించాము. తప్పు నివాసులదీ కార్మికులదీ కాదు, ఒప్పందం రాసిన నాది.

అప్పటి నుంచి తడి చెత్తను రోజూ ఉదయం తీసుకుంటున్నాము. పొడి చెత్తను బుధ, శనివారాల్లో మాత్రమే, వేరే ట్రాలీతో తీసుకుంటున్నాము. ఈ ఏర్పాటులో ఒక చిన్న కిటుకు ఉంది. పొడి చెత్త మూడు నాలుగు రోజులు ఇంట్లోనే ఉండాలంటే దానిలో తడి తగలకూడదు, తగిలితే ఇంట్లోనే వాసన వస్తుంది. కరపత్రం చేయలేని పని ఆ వాసన చేసింది. ఎత్తైన భవనాల్లో ఉన్నవారు ఒక మాట వినాలి. అంతస్తు అంతస్తుకూ చెత్త జారవిడిచే గొట్టం ఉంటే దానికి తాళం వేయండి. ఎవరు వేశారో తెలియని చోట ఎవరూ వేరు చేయరు, పైగా పైనుంచి పడిన వేగానికి కవర్లు పగిలి అన్నీ కలిసిపోతాయి.

పాల ప్యాకెట్ గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మన ఇళ్లలో రోజూ ఖాయంగా పుట్టే ప్లాస్టిక్ ఇదే. మనం కత్తెరతో మూల కత్తిరించి, ఆ గోరంత ముక్కను సింకు పక్కన పడేస్తాము. ఆ ముక్క బుట్టకు చేరదు. నీళ్లతోపాటు తూములోకి, అక్కడి నుంచి మురుగు కాలువలోకి, వాన వచ్చినప్పుడు గెడ్డలోకి, అంటే వాగులోకి పోతుంది, మన గెడ్డలన్నీ చివరికి చేరేది సముద్రానికే. దానిని ఎంత గొప్ప యంత్రమూ తిరిగి ఏరలేదు. మూలను పూర్తిగా తెగనీయకుండా, ముక్క ప్యాకెట్‌కే వేలాడేలా కత్తిరించడం ఒక్క పూటలో అలవాటవుతుంది. తరువాత ప్యాకెట్‌ను కొద్ది నీటితో ఒకసారి కడిగి, ఆ పాలనీళ్లు కుండీలో పోసి, ప్యాకెట్‌ను కిటికీ చువ్వకు తగిలించి ఆరబెట్టాలి. పాల జిడ్డు ఉన్న ప్యాకెట్ రెండో రోజుకే పులిసి, పొడి చెత్త సంచి మొత్తాన్ని పాడు చేస్తుంది. ఆరిన ప్యాకెట్లను తుక్కు కొట్టువాళ్లు సంతోషంగా తీసుకుంటారు. చిప్స్, బిస్కెట్ల పొట్లాలకు ఈ గతి లేదు. వాటిలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి కాబట్టి, వాటిని విడదీసి మళ్లీ వాడుకోవడం కష్టం, అందుకే ఏ తుక్కు కొట్టువాడూ కొనడు. అల్యూమినియం డబ్బా సంగతి వేరు. ఖనిజం నుంచి కొత్తగా తీయడంతో పోలిస్తే, కరిగించి తిరిగి చేయడానికి 95 శాతం దాకా తక్కువ శక్తి సరిపోతుంది.

ఇప్పుడు కంపోస్టు. ఇందులో నేను చేసిన తప్పును దాచను. ఒక కంపెనీ ప్రతినిధి వచ్చి, తడి చెత్త వేస్తే ఒక్క రోజులో ఎరువు వస్తుందని ఒక యంత్రం చూపించాడు. కమిటీని ఒప్పించి కొనిపించాను. మర్నాటికి గోధుమరంగు పొడి వచ్చింది, చూడడానికి కాఫీ పొడిలా ఉంది, వాసన కూడా లేదు. దానిని మా మందార, నందివర్ధనం మొక్కలకు వేసి నీళ్లు పోయించాను. వారం తిరగకుండానే తెల్లని బూజు పట్టి, దుర్గంధం లేచి, మొక్కల వేళ్లు మాడిపోయాయి. తరువాత తెలుసుకున్నది ఏమిటంటే, ఆ యంత్రం చెత్తను వేడితో ఎండబెట్టి పొడి చేసిందే తప్ప కంపోస్టు చేయలేదు. నీళ్లు తగలగానే ఆ పొడి మళ్లీ కుళ్లడం మొదలుపెట్టింది. కరెంటు బిల్లు ఒకవైపు, చచ్చిన మొక్కలు ఒకవైపు. కంపోస్టు చేసేది సూక్ష్మజీవులు, వాటికి వారాలు పడుతుంది, ఒక్క రోజులో ఆ పని అవుతుందని నమ్మడం నా తొందరపాటు.

ఇప్పుడు మాకు ఉన్నవి ఇటుకలతో, గాలి ఆడే సందులతో కట్టించిన తొట్లు. తొట్టి అడుగున కొమ్మలు, పైన ఎండుటాకులు, ఆ పైన తడి చెత్త, మళ్లీ ఆకులు, ఇలా పొరలుగా వేస్తాము. తడి చెత్తలో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. నత్రజని ఒక వంతుకు కర్బనం 25 నుంచి 30 వంతులు ఉన్నప్పుడు సూక్ష్మజీవులు చురుకుగా పని చేస్తాయి. మా పద్ధతిలో ఒక బుట్ట తడి చెత్తకు ఒక బుట్ట ఆకులు. మన సముద్రపు గాలి తేమను, జూన్ నుంచి అక్టోబరు దాకా పడే వానలను బట్టి, ఆ నెలల్లో బుట్టన్నర వేస్తాము. పొడి ప్రాంతాల కోసం రాసిన కొలతలను విశాఖలో యథాతథంగా పాటిస్తే తొట్టి బురద అవుతుంది. తేమ సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి పిడికెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనబడితే బాగున్నట్టు, నీరు ధారగా కారితే ఆకులు తక్కువైనట్టు, పిడికిలి తెరవగానే పొడిగా రాలిపోతే నీళ్లు చిలకరించాలి. చక్కగా నడుస్తున్న తొట్టిని శీతకాలం తెల్లవారుజామున కలియబెడితే పొగలా ఆవిరి లేస్తుంది. లోపల 55 డిగ్రీలు దాటిన వేడి మూడు రోజులు నిలిస్తే ఈగల గుడ్లు, కలుపు గింజలు, రోగకారక క్రిములు చాలామటుకు నశిస్తాయి. కుళ్లు వాసన వచ్చిందంటే గాలి అందడం లేదని అర్థం. అప్పుడు మందులు చల్లకుండా, కలియబెట్టి ఆకులు వేస్తే చాలు.

మే నెలలో సువర్ణరేఖ, బంగినపల్లి పండ్లు ఇళ్లలోకి వచ్చాయంటే మా తొట్లకు పరీక్షే. తొక్కల్లో నీరు ఎక్కువ, టెంకలు నెలల తరబడి అలాగే ఉంటాయి. అందుకే టెంకలనూ, కొబ్బరి చిప్పలనూ విడిగా తీసుకుంటాము. కొబ్బరి బొండాలను ముక్కలు చేయిస్తే వచ్చే పీచు, పొట్టు మాకు ఆకులు చాలని రోజుల్లో ఆదుకుంటాయి. తురాయి ఆకు చిన్నది, తొందరగా మగ్గుతుంది. బాదం ఆకు మందం, దానిని నలగ్గొట్టకుండా వేస్తే పొరలు పొరలుగా అతుక్కొని గాలిని అడ్డుకుంటుంది. చేపల పొలుసు, రొయ్యల పొట్టు వద్దని కొన్ని సంఘాలు నిషేధించాయని విన్నాను. తీరం పక్కనే ఉన్న ఊళ్లో అది కుదిరే పని కాదు. వాటిని తొట్టి నడిమధ్యలో పెట్టి పైన ఆకులు దట్టంగా కప్పితే పిల్లులు కూడా దరిచేరవు. ఆకులను తగలబెట్టే తోటమాలిని కోప్పడడానికి ముందు, ఆకులు వేసుకునే చోటు అతనికి చూపించారా అని మిమ్మల్ని మీరు అడగండి.

డైపర్లు, శానిటరీ ప్యాడ్లు పాత పేపరులో గట్టిగా చుట్టి, చూడగానే తెలిసేలా ఎర్ర చుక్క పెట్టి ఇవ్వాలి. పగిలిన గాజు, బ్లేళ్లు అట్టపెట్టెలో వేసి పైన రాయాలి. పాదరసం ఉండే ట్యూబ్‌లైట్లు, కాలం చెల్లిన మందులు, పెయింటు డబ్బాలు, బ్యాటరీలు, పాత ఫోన్లు సెక్యూరిటీ గది పక్కన తాళం ఉన్న పెట్టెల్లో చేరాలి. ఉబ్బిన ఫోను బ్యాటరీని మాత్రం ఎవరూ నొక్కి చూడకండి, అది అంటుకుంటే ఆర్పడం కష్టం.

తిరిగి వాడుకోవడం గురించి ఇంతసేపు చెప్పాను కానీ, అసలు పుట్టకుండా చూడడం నిర్వాహకుల చేతుల్లో ఎక్కువగా ఉంది, దానిని మనం పట్టించుకోవడం లేదు. మన క్లబ్‌హౌస్‌లో జరిగే ఒక్క పుట్టినరోజు వేడుక వదిలి వెళ్లేది చూడండి. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మాకోల్ నిషేధంలో ఉన్నాయి. వాటి స్థానంలో వచ్చిన కాగితం కప్పు లోపల కూడా పలుచని ప్లాస్టిక్ పొరే ఉంటుంది. మన పాడేరు, అరకు మన్యంలో అడ్డాకులు ఏరి విస్తళ్లు కుట్టే కుటుంబాలు ఉన్నాయి. ఆ విస్తరి భోజనం అయ్యాక ఎంగిలితో సహా నేరుగా కంపోస్టు తొట్టిలోకి పోతుంది. మేము సంఘం డబ్బుతో స్టీలు గ్లాసులు, గరిటెలు కొని ఉంచి, హాలు అద్దెతోపాటే ఇస్తున్నాము. హాలు కావాలంటే అడ్డాకులు, అరటాకులు, స్టీలు, ఈ మూడింటిలోనే వడ్డించాలన్నది బుకింగ్ షరతు. మొదట్లో గొణిగినవారు ఉన్నారు. ఇప్పుడు ఆ షరతు ఎవరికీ కొత్తగా అనిపించడం లేదు. లైసెన్సు లేని చోట వందమందికి మించి వచ్చే కార్యక్రమానికి ముందుగా స్థానిక సంస్థకు తెలియజేసి, చెత్త వేరు చేసే బాధ్యత తీసుకోవాలని 2016 నియమాలు చెప్పిన సంగతి కూడా చాలా సంఘాలకు తెలియదు. ఫ్లాటు రిపేర్ల శిథిలాలకు ముందే డిపాజిట్ తీసుకోండి. అర్ధరాత్రి ట్రాక్టరులో గెడ్డ పక్కన పోయించే అలవాటు ఆ డిపాజిట్‌తోనే ఆగుతుంది.

చివరిగా డబ్బు సంగతి. పొడి చెత్త అమ్మితే వచ్చే సొమ్ము సంఘం ఖాతాలో వేయాలని మా కమిటీలో కొందరు వాదించారు. నేను ఒప్పుకోలేదు. చెత్తను చేత్తో ముట్టుకుంటున్నది కార్మికులు, ఆ సొమ్ము వారిదే కావాలి. నెల నెలా తూకం పుస్తకంతో సరిచూసి, అందరి ముందూ వారికే పంచుతున్నాము. అప్పటి నుంచి కలిసిన సంచి వస్తే తలుపు దగ్గరే మర్యాదగా తిప్పి ఇస్తున్నది వారే. వారికి మందమైన చేతి తొడుగులు, బూట్లు, ధనుర్వాతం టీకా, చేతులు కడుక్కోవడానికి సబ్బు, కుళాయి ఇవ్వని సంఘం ఈ పథకం మొదలుపెట్టకపోవడమే మేలు.

ఈ బల్ల మీద రెండు సంచులు తెచ్చి పెట్టాను. ఒకటి మా తొట్టిలోంచి నిన్న తీసిన కంపోస్టు, మూడు నెలల కిందటి మీ వంటి ఇళ్ల తొక్కలే. రెండోది ఈ ఉదయం ఒక బ్లాకు నుంచి వచ్చిన పొడి చెత్త. చేతిలోకి తీసుకోండి, వాసన చూడండి, పాల ప్యాకెట్లు ఎలా ఆరి ఉన్నాయో గమనించండి. కాటా కూడా తెచ్చాను, తూకం పుస్తకం ఎలా రాయాలో సూపర్‌వైజర్లకు ఇక్కడే చూపిస్తాను, ముందుగా వెనుక వరుసల వారు రండి.